నాలుక మీది పండ్లు

ఈ యేటి సంచికకు శాస్త్ర విషయమేదైనను ఒకటి వ్రాసి ఇమ్మని సంపాదక వర్గము వారు అడిగినప్పుడు మాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది ఒక చేప నాలుక. విషయము చిన్నదే. కాని ఆ నాలుకను గూర్చి మేము ఒకనాడు తరగతిలో ఆడిన మాట చాల ఏండ్లు గొంతులో చేపముల్లు వలె నిలిచి యున్నది. దానిని ఇక్కడ వెలికి తీయవలెనని సంకల్పము. మధ్యలో ఆఫ్రికా ఖండమునకు, నైలు నదికి పోయి రావలసి యున్నది. విద్యార్థులు ఓపిక పట్టవలెనని మనవి.

1996 వానకాలము. ఆ యేడు మేము బి.ఎస్సీ. రెండవ సంవత్సరము వారికి జంతుశాస్త్ర ప్రయోగములు చెప్పుచుంటిమి. తెలుగు మాధ్యమము వారును, ఉర్దూ మాధ్యమము వారును ఒకే ప్రయోగశాలలో, ఒకే బల్లల చుట్టు నిలిచి పని చేయుదురు. ఉపన్యాసములు వేరైనను కత్తెరలు, ట్రేలు, ఫార్మలిన్ వాసన అందరికిని ఒక్కటే. అప్పుడు వెన్నెముక గల జంతువులలో చేపల వర్గీకరణము నడుచుచున్నది. సీసాలలోని చేపలు ఏండ్ల తరబడి నిలువ యుండి రంగు పోయి అన్నియు ఒకే తీరున తెల్లబడి యుండెను. కావున ఎవరికైనను తాజా చేపలు దొరికినచో తెమ్మని మేమే చెప్పి యుంటిమి.

మంజీర మీద ఘనపూర్ ఆనకట్టను మన వారు అందరును ఎరుగుదురు. ఏడుపాయల జాతరకు పోయిన వారు చూడక తప్పదు. 1905లో కట్టిన ఆ ఆనకట్ట నుండి మహబూబ్ నహర్, ఫతే నహర్ అను రెండు కాలువలు మెదకు పొలములకు నీరిచ్చుచున్నవి. వానలు బాగుగా కురిసి నీరు ఆనకట్ట మీదుగా పొర్లునప్పుడు దిగువ మడుగులలో వలలు వేయుట ఆ చుట్టుపక్కల చేపలు పట్టువారికి తాతల నాటి నుండి ఉన్న పని. అట్టి ఇంటి నుండి వచ్చిన విద్యార్థి ఒకడు మా తరగతిలో ఉండెను. వెనుక బల్ల వద్ద నిలుచువాడు, అడిగిన దానికి తప్ప మాట్లాడనివాడు. ఒకనాటి ఉదయము అతడు తడి గోనెగుడ్డలో చుట్టి ఒక చేపను తెచ్చి ట్రేలో పెట్టినాడు.

జానెడు పొడవు. పలుచని వెండి రేకు వలె రెండు ప్రక్కల నొక్కినట్టి దేహము. వీపు కొంచెము గూనుగా ఎత్తి యుండును. ఆ వీపు మీద చిన్న ఈకను గ్రుచ్చినట్లు ఒక్క రెక్క. కడుపు క్రింద మొదలుకొని తోక కొన వరకు అంచు వలె సాగిన పొడవాటి రెక్క మరియొకటి. అందులో ఈనెలు సుమారు నూరు ఉండును. తోకకు వేరుగా విసనకర్ర వంటి రెక్క లేదు. క్రింది అంచే పోయి తోకలో కలిసిపోవును. చూడగానే మంగలి కత్తి గుర్తుకు రాక మానదు. ఇది నోటోప్టెరస్ నోటోప్టెరస్ అను చేప. గ్రీకు భాషలో వీపున రెక్క గలది అని ఆ పేరునకు అర్థము. తెలుగునాట ఒక్కొక్క తీరమున ఒక్కొక్క పేరు వినబడును గనుక ఈ వ్యాసములో నోటోప్టెరస్ అనియే వ్రాయుచున్నాము.

మేము రెక్కలను, పొలుసులను చూపి వ్రాసికొమ్మన్నాము. అందరును తలలు వంచి బొమ్మ గీయుచుండగా అతడు మెల్లగా అన్నాడు: "సార్, దీని నాలుక మీద పండ్లుంటయి. ఏలు పెడితే గీరుకపోతది."

మన వైపు దంతములను పండ్లందురు. తినెడి పండ్లును పండ్లే. ఆ శ్లేష మాకు ఆ క్షణమున ఎందుకు తట్టవలెనో తెలియదు. "నాలుక మీద పండ్లుండునది మామిడికాలములో, అదియును మన నాలుక మీద," అన్నాము. తరగతి అంతయు గొల్లుమన్నది. ఉర్దూ మాధ్యమపు పిల్లలకు ప్రక్క వారు అర్థము చెప్పగా వారు రెండవ మారు నవ్వినారు. అతడు మరల మాట్లాడలేదు. అక్కడితో పోయినను బాగుండెడిది. వారము తరువాత రికార్డు పుస్తకములు దిద్దుచుండగా అతని బొమ్మలో, తెరచిన నోటిలో, నాలుక మీద వరుసగా చిన్న చిన్న ముళ్లు గీసి, గీత లాగి, "నాలుక దంతములు" అని వ్రాసి యుండెను. మేము దాని మీద ఎర్ర సిరాతో అడ్డముగా కొట్టి, "పుస్తకములో లేనిది వ్రాయరాదు" అని వ్రాసి రెండు మార్కులు తగ్గించినాము. ఆ చేప అప్పటికింకను ప్రయోగశాలలోనే, సీసాలో, మా వెనుక అలమరలోనే ఉన్నది. లేచి పోయి దాని నోరు తెరచి చూచుటకు ఒక్క నిమిషము చాలును. ఆ ఒక్క నిమిషము మాకు తోచలేదు.

ఆ మరుసటి సంవత్సరము అతడు చదువు మానినాడు. మా ఎర్ర సిరా వలననే మానినాడని మేము అనుకొనము. ఇంటి బాధ్యతలు అట్టివని తరువాత విన్నాము. అయినను ఆ రెండు మార్కులు రెండు మార్కులే.

2013లో ఉర్దూ విభాగపు మిత్రులొకరితో హైదరాబాదు పోయినప్పుడు అలంకారపు చేపల దుకాణము ఒకదానిలోనికి పోవుట తటస్థించినది. వారి మనుమరాలికి రంగు చేపలు కావలెనట. గాజు తొట్లలో ఎరుపు, పసుపు చేపలు తళతళలాడుచుండగా ఒక మూల తొట్టిలో మట్టిగొట్టము నీడన నల్లని చేప ఒకటి కనబడినది. పొడవు మన అరచేయి కంటె కొంచెము ఎక్కువ. తోక దగ్గర దేహము సన్నబడి కాడ వలె ఉన్నది. దానికి ముందు రెండు తెల్లని గీతలు. విచిత్రమేమనగా దాని మొగమున చిటికెన వ్రేలి కొన వంటి తొండము ఒకటి ముందుకు సాగి యున్నది. ఆ తొండముతో అది అడుగున నున్న ఇసుకను ఎడమకు, కుడికి తడుముచు, గ్రుడ్డివాని చేతికర్ర వలె ఆడించుచు తిరుగుచున్నది. "హాథీ మఛ్లీ," అన్నాడు దుకాణదారుడు. ఏనుగు చేప. ఎక్కడిదని అడిగితే "బాహర్ కా" అన్నాడు. అంతకు మించి అతనికి తెలియదు, మాకును తెలియదు.

ఇంటికి వచ్చిన తరువాత పుస్తకములు వెదకినాము. దాని పేరు గ్నాథోనీమస్ పీటర్సీ. 1862లో ఆల్బర్ట్ గుంథర్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించినది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల నదులలోని బురదనీటి చేప. మార్మిరిడే అను కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములో రెండు వందలకు పైగా జాతులు కలవు, అన్నియు ఆఫ్రికా మంచినీటిలోనివే, అందరికిని తొండము ఉండదు. ఆ పుట చదువుచుండగా క్రమము అను చోట మా కన్ను ఆగినది. ఆస్టియోగ్లాసిఫార్మిస్. తెలుగున చెప్పవలెనన్నచో అస్థిజిహ్వ క్రమము, అనగా ఎముక నాలుక గల చేపలు. ఈ క్రమములోని చేపలకు నాలుక మీద దంతములుండును. పై దవడ, క్రింది దవడ కరచుకొనుటకు మారుగా నాలుక పోయి నోటి కప్పులోని ఎముక దంతములతో కరచుకొనును. అటుపిమ్మట ఆ క్రమములోని కుటుంబముల పట్టిక. మార్మిరిడే పేరు ఉన్న పట్టికలోనే, అదే పుటలో, నోటోప్టెరిడే.

ఆనాటి రాత్రి మాకు నిద్ర పట్టలేదని వ్రాసినచో అతిశయోక్తి యగును. పట్టినది, కాని ఆలస్యముగా.

ఆదివారము చేపల అంగడికి పోయి రవ్వులు, బొచ్చెలు, కొర్రమట్టలు దాటి వెదకగా వెదకగా గంపలో అడుగున నోటోప్టెరస్ ఒకటి దొరికినది. ముళ్లు ఎక్కువని దానిని కొనువారు తక్కువ. ఇంట నీటి పంపు క్రింద దాని నోరు తెరచి చూపుడు వ్రేలు పెట్టినాము. పిల్లి నాలుక వలె గరగర కాదు. నిజమైన ముళ్లు, వెనుకకు వంగినవి. వ్రేలిని వెనుకకు తీయునప్పుడు గీరుకొని పోయినది, అతడు చెప్పినట్లే.

ఇక చేపల కథ చెప్పుదము. అది మా కథ కంటె చాల గొప్పది.

ఏనుగు చేప తొండము నిజమునకు ముక్కు కాదు. క్రింది దవడ మీది గడ్డము సాగి అట్లయినది. దాని మీద, తల మీద, దేహము మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన విద్యుద్గ్రాహకములు కలవు. తోక మొదటి సన్నని కాడలో కండరపు కణములే మారి విద్యుదంగముగా ఏర్పడినవి. ఆ అంగము నుండి చేప ఎడతెగక చిన్న చిన్న విద్యుత్ స్పందనలను వెలువరించుచుండును. ఒక్కొక్క స్పందన సెకనులో వేయవ వంతు కూడ ఉండదు. వోల్టేజి చాల స్వల్పము. నీటిలో చేయి పెట్టినను మనకు తెలియదు. ఆ స్పందన వలన చేప చుట్టు నీటిలో విద్యుత్ క్షేత్రము ఒకటి ఏర్పడును. దగ్గరలో రాయి యున్నచో ఒక తీరున, పురుగు యున్నచో మరియొక తీరున ఆ క్షేత్రము వంగును. ఆ వంపును చర్మము మీది గ్రాహకములు పసిగట్టును. బురదనీటిలో, చీకటి రాత్రి, ఏనుగు చేప చూచునది ఈ విధముగానే. దుకాణములోని చేప ఇసుకను తడుముట అంధుని కర్ర వలె ఉన్నదని పైన వ్రాసినాము. ఆ ఉపమానమును ఉపసంహరించుకొనుచున్నాము. అది దీపము పట్టుకొని వెదకుట.

ఈ సంగతి మానవులకు తెలిసినది ఇటీవలనే. నైలు తీరపు వారికి ఈ చేపలు అతి ప్రాచీన కాలము నుండి తెలియును. ఈజిప్టు పురాతన సమాధుల గోడల మీద వాటి రూపములు చెక్కియున్నారు. ఒక పట్టణములో ఈ చేపను పవిత్రముగా పూజించినారు. గ్రీకులు ఆ పట్టణమునకు చేప పేరే పెట్టి ఆక్సిరింకస్ అన్నారు, వాడిమూతి అని అర్థము. 1896 నుండి అక్కడి చెత్తకుప్పలలో త్రవ్వగా వేలకొలది ప్రాచీన పత్రములు బయటపడి ఆ ఊరు ప్రసిద్ధి కెక్కినది, చేప మరుగున పడినది. నైలులో దెబ్బ కొట్టు విద్యుత్ చేప వేరొకటి ఉన్నది. అది జెల్లల జాతి. దానిని అరబ్బులు రఅద్ అందురు. ఉర్దూ విద్యార్థులకు ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు, ఉరుము. బగ్దాదు నుండి ఈజిప్టునకు పోయిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్, సుమారు 1200 సంవత్సర ప్రాంతమున, దానిని పట్టుకొన్నవానికి కలుగు వణుకును వర్ణించినాడు. కాని వణుకు పుట్టించని ఏనుగు చేపలలో విద్యుత్తు ఉన్నదని ఎవరు అనుకొందురు?

విద్యుదంగము వంటి భాగము వాటి తోకలో ఉన్నదని శరీరనిర్మాణము చూచిన వారు పందొమ్మిదవ శతాబ్దములోనే గుర్తించినారు. కాని అది ఎందుకు పనికి వచ్చునో తెలియలేదు. డార్విన్ 1859లో ప్రకటించిన గ్రంథములో చేపల విద్యుదంగములు తన సిద్ధాంతమునకు ఒక ప్రత్యేకమైన చిక్కు అని ఒప్పుకొన్నాడు. ఒకదానితో నొకటి దగ్గరి సంబంధము లేని చేపలలో ఇవి ఎట్లు కలిగినవి అన్నది ఆయన ప్రశ్న. చిక్కు ముడిని విప్పినవాడు కేంబ్రిడ్జిలో పని చేసిన హాన్స్ లిస్మన్. ఏనుగు చేపలకు అతి దగ్గరి చుట్టమైన జిమ్నార్కస్ అను నైలు చేప తొట్టిలో వెనుకకు ఈదుచు కూడ దేనికిని తగులకుండుట ఆయనకు ఆశ్చర్యము కలిగించినది. అది నిరంతరము బలహీనమైన విద్యుత్తును వెలువరించుచున్నదని 1951లో ప్రకటించినాడు. తరువాత మేచిన్ అను సహచరునితో కలిసి చేసిన ప్రయోగము మన పిల్లలకు చాల నచ్చును. నీరు ఊరెడి మట్టిపాత్రలు రెండు, మన సురాహి మట్టి వంటివి, పైకి ఒకే రూపము. ఒకదానిలో విద్యుత్తును పోనిచ్చు వస్తువు, రెండవ దానిలో పోనీయని వస్తువు. చేప వాసన చూడలేదు, కంటితో కనుగొనలేదు. అయినను పాత్రలో ఏమున్నదో గుర్తించి ఆహారము దొరకు పాత్ర వద్దకే పోయినది. 1958లో ఆ ఫలితములు వెలువడినవి. జీవలోకములో ఒక క్రొత్త ఇంద్రియము కనుగొనబడుట తరచుగ జరుగు పని కాదు.

ఇంద్రియము గొప్పదైన కొలది మెదడు గొప్పది కావలెను గదా. ఏనుగు చేప మెదడు దాని దేహపు బరువులో నూటికి మూడు వంతులు, మనది రెండు. అంతకంటె వింత, అది పీల్చుకొను ప్రాణవాయువులో నూటికి సుమారు అరువది వంతులు మెదడునకే పోవును. మనుష్యునిలో ఇది ఇరువది. ఆ మెదడులో అధిక భాగము అనుమస్తిష్కము, పెరిగి పెరిగి తక్కిన భాగములను కప్పివేసినది. పరీక్షలకు చదువుచు మెదడు అలసినదని చెప్పు విద్యార్థులు ఈ చేపను తలచుకొన్నచో కొంత సిగ్గుపడుదురేమో.

ఈ చేపలు విద్యుత్తుతో వెదకుటయే కాదు, మాటలాడుకొనును కూడ. ప్రతి జాతి స్పందనకు ఒక ఆకారము ఉన్నది. గాబన్ దేశపు నదులలో చూపునకు ఏ భేదమును కనబడని చేపలను వాటి స్పందనల రూపమును బట్టి వేరు వేరు జాతులుగా గుర్తించినారు. ఇతరుల స్పందనలను వినుటకు వేరు గ్రాహకములు కలవు. తాను స్పందన వెలువరించిన ప్రతిసారి మెదడు ఆ సమాచారపు నకలు ఒకటి లోపలనే పంపి, ఆ క్షణమున ఆ గ్రాహకముల కబురును అణచివేయును. తన గొంతు తనకు అడ్డము రాకుండ ఎదుటివాని మాట వినుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు. 1996లో మాకు అట్టిది ఒకటి ఉండవలసినది.

ఇట్టి చేపకును మన మంజీర చేపకును చుట్టరికము ఎట్లు? చూపునకు ఏ పోలికయు లేదు. వర్గీకరణ చరిత్రలో ఈ భాగము మాకు అన్నింటికంటె ప్రియమైనది, కారణము, ఇందులో పెద్దపెద్ద వారు కూడ మా వలెనే పొరపడినారు.

నైలు చేపలకు మార్మిరస్ అను పేరు 1758లో లిన్నేయస్ పెట్టినాడు. ఆ పేరు గ్రీకులు వేరొక సముద్రపు చేపకు వాడిన పేరు. అట్లు వచ్చి నదిలో పడినది. ఆయన శిష్యుడు ఫోర్‌స్కోల్ ఈజిప్టు, అరేబియా దేశములు తిరిగి, స్థానికులు చెప్పు పేర్లను శ్రద్ధగా వ్రాసికొని, 1763లో యెమెన్‌లో జ్వరముతో మరణించినాడు. 1775లో అచ్చయిన ఆయన గ్రంథములో ఒక ఏనుగు చేపకు జాతి నామము కన్నూమే. అది అక్కడి జనుల నోటి మాటయే. లాటిన్ గ్రంథమునకు ఆ మాట తగదని ఆయన ఎర్ర సిరా పెట్టలేదు.

మన నోటోప్టెరస్‌ను శాస్త్రమున మొదట నమోదు చేసినవాడు పాలస్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు, 1769లో. పొడవాటి క్రింది రెక్కను చూచి ఆయన దానిని జిమ్నోటస్ అను ప్రజాతిలో చేర్చినాడు. జిమ్నోటస్ అనగా దక్షిణ అమెరికా నదులలోని కత్తి వంటి చేపలు; మనిషిని పడగొట్టు విద్యుత్ ఈలును కూడ ఆ కాలమున అందులోనే చేర్చియుండిరి. ఆకారము నిజముగా అట్లే ఉన్నది: దేహమును నిటారుగా ఉంచి క్రింది రెక్కను మాత్రమే అలవలె ఆడించి ముందుకును వెనుకకును ఈదుట రెంటికిని సమానము. కాని అది పోలికయే, చుట్టరికము కాదు. అమెరికా కత్తి చేపలు జెల్లల వైపు చుట్టములు. 1800లో లాసెపేద్ నోటోప్టెరస్ అను వేరు ప్రజాతిని ఏర్పరచి మన చేపను అక్కడి నుండి విడిపించినాడు. 1966లో గ్రీన్‌వుడ్ మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు ఎముకల చేపలనన్నింటిని మరల పరిశీలించి నోటి లోపలి ఎముకలు, నాలుక మీది దంతములు మొదలగు లక్షణములను బట్టి అస్థిజిహ్వములను ఒక ప్రత్యేక సమూహముగా నిలిపినారు. అమెజాన్ నదిలోని మహాకాయమైన అరపైమా, ఆఫ్రికాలోని ఏనుగు చేపలు, మన నోటోప్టెరస్, అన్నియు ఒకే ఇంటివారు. తరువాత వచ్చిన జన్యు పరిశోధనలును ఏనుగు చేపలకును నోటోప్టెరస్ కుటుంబమునకును దగ్గరి సంబంధమునే చూపినవి.

నోటోప్టెరస్ కుటుంబములో ఆఫ్రికా శాఖ ఒకటి, ఆసియా శాఖ ఒకటి. ఆఫ్రికా శాఖ వారికి విద్యుత్తును గ్రహించు శక్తి ఉన్నది, వెలువరించు శక్తి లేదు. మన శాఖకు రెండును లేవు. ఏనుగు చేపలకు రెండును ఉన్నవి. అన్నదమ్ముల పంపకములో ఒకరికి పొలము, బావి రెండును వచ్చి, ఒకరికి పొలము మాత్రము వచ్చి, మూడవ వానికి ఉత్త చేతులు మిగిలినట్లున్నది. కాని నాలుక మీది పండ్లు ముగ్గురికిని దక్కినవి. దాయాదులను గుర్తుపట్టుటకు ఆస్తి కంటె అవే నమ్మదగిన గుర్తు.

ఏనుగు చేపల కుటుంబములో మరియొక విశేషము కలదు. 1970 దశకపు మొదటి యేండ్లలో సూక్ష్మదర్శినితో చూచిన వారు ఈ చేపల శుక్రకణములకు తోక లేదని కనుగొన్నారు. జిమ్నార్కస్‌కును లేదు. వెన్నెముక గల జంతువులలో ఈ రెండు కుటుంబములకు తప్ప మరి ఎవరికిని అట్లు లేదు. వర్గీకరణ శాస్త్రమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము అరుదు.

మన ప్రాంతపు చేపల పరిశోధన చరిత్రలో మన కళాశాల వంటి చోట తెలియదగిన మాట ఒకటున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో శాస్త్రములు బోధించుచున్న దినములలో అక్కడి జంతుశాస్త్రజ్ఞులు రహీముల్లా గారు 1940 దశకమున హైదరాబాదు రాష్ట్రపు చేపల సర్వే చేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా ప్రకటించినారు. మహమూద్ గారితో కలిసి వ్రాసిన ఒక భాగము, 1947 నాటిది, అప్పుడు మన పొరుగున ఉండిన నిజామాబాదు జిల్లా చేపలను గూర్చినది. మంజీర మెదకు దాటి పోయి నిలుచునది ఆ జిల్లాకు ప్రాణమైన నిజాంసాగరములోనే. ఆ పరిశోధకులు చెరువుగట్ల వెంట తిరుగునప్పుడు ఉర్దూలో అడిగి తెలుగులో జవాబులు పొందియుందురని మా ఊహ.

2014 వానకాలములో మేము ఆనకట్ట దగ్గరి ఆ ఊరికి పోయినాము. విద్యార్థి పేరు చెప్పగానే ఇల్లు చూపినారు. అతడు గల్ఫ్‌లో ఉన్నాడు, పండ్రెండేండ్లయినది. తండ్రి, వృద్ధుడు, అరుగు మీద వల కుట్టుచుండెను. మేము ఎవరమో చెప్పి, వచ్చిన పని చెప్పినాము. తరగతి, శ్లేష, ఎర్ర సిరా, అన్నియు. ఆయన విని కొంత సేపు వలకన్ను ముడి వేసికొనుచు ఊరకున్నాడు.

"పండ్లుంటయని మీకు ఎరుక లేకుండెనా సారూ?" అన్నాడు.

లేకుండెనని ఒప్పుకొన్నాము.

ఆయనకు మా క్షమాపణ కంటె ఆ సంగతియే ఎక్కువ ఆశ్చర్యము కలిగించినట్లున్నది. చెరువులన్నింటిలోనికి ఇప్పుడు బొచ్చె, రవ్వు పిల్లలను తెచ్చి వదలుచున్నారు, ఈ చేపను ఎవరును వదలరు, అదియే నీటితో వచ్చి అదియే బ్రతుకుచున్నది, మునుపటంత దొరకుట లేదు అని చెప్పినాడు. పొద్దు గూకు వేళ అది పైకి వచ్చి గాలి మింగి పోవుననియు, ఆ చప్పుడును బట్టి వల ఎక్కడ వేయవలెనో తెలియుననియు అన్నాడు. అది గాలి పీల్చునని మాకు తెలియును. దాని గాలితిత్తి ఊపిరితిత్తి వలె పని చేయునని పాఠము చెప్పుచునే యున్నాము. చప్పుడు సంగతి తెలియదు. పొద్దు గూకు దాక ఆయనతో గట్టు మీద కూర్చున్నాము. మూడు మారులు విన్నాము. ఆయన ఏడు మారులన్నాడు.

కుమారునితో ఆయన తన ఫోనులో మాట్లాడించినాడు. మేము చెప్పవలసినది చెప్పినాము. అవతల నుండి కొంత సేపు నవ్వు వినబడినది, తరువాత, "సార్, నాకు యాదికి లేదు గని, ఆ చేప ఇంక దొరుకుతున్నదా మంజీరల?" అని అడిగినాడు.

దొరకుచున్నదని చెప్పినాము. అటు పిమ్మట అంగడిలో కొన్న ఒక మంచి చేపను నోరు తెరచి, నాలుక కనబడునట్లు చిన్న పుల్ల ఆనించి, ఫార్మలిన్‌లో నిలువ చేసినాము. మన ప్రయోగశాలలో ఎడమ ప్రక్క అలమరలో, రెండవ అరలో ఆ సీసా ఉన్నది. చీటీ మీద తెలుగున, ఉర్దూన చేప పేరు, క్రమము, కుటుంబము వ్రాసి, క్రింద "నాలుక దంతములు: పరిశీలించినవారు" అని ఆ విద్యార్థి పేరును, 1996 అను సంవత్సరమును వ్రాసినాము. అచ్చులో పేరు వేయుటకు అతని అనుమతి అడుగలేదు గనుక ఇక్కడ వ్రాయుట లేదు. చూడగోరు వారు అలమర తాళపుచెవి అటెండరు వద్ద అడుగవచ్చును. సీసాలో ఫార్మలిన్ తగ్గి చేప వీపు బయటపడుచున్నదని మాత్రము కమిటీ వారికి ఈ సందర్భమున మనవి చేయుచున్నాము.